ఆ ఫ్రెంచి పుస్తకంలో నేనెవరిని

ఐర్లండులో నేనుండే స్లైగో ఊరి లైబ్రరీ నుంచి తెచ్చుకున్నవాటిలో అన్నిటికంటే సన్నటి పుస్తకం అదే. ఒక ఫ్రెంచి ఆవిడ పోగొట్టుకున్న ప్రేమ గురించి రాసుకున్న జ్ఞాపకాలు, ఇంగ్లీషులో. నేను ఇంటర్‌తో చదువు ఆపేసి వృద్ధాశ్రమం పనిలో పడ్డదాన్ని. నాకొచ్చిన ఇంగ్లీషంతా లైబ్రరీ కార్డు పెట్టిన భిక్షే. డిక్షనరీ తెరవకుండా ఒక పుస్తకం ముగించానని రెండు రోజులు గర్వంగా తిరిగాను.

అందులో ప్రేమించినవాడు ఏమీ చెప్పకుండా తప్పుకుంటాడు. మొదటిసారి చదివినప్పుడు ఆవిడే నేననుకుని ఏడ్చాను. మా తెలుగు ప్రార్థన కూటంలో నా కథ అదే మరి: తెనాలిలో పెళ్లికి మాటిచ్చినవాడు నన్ను మోసం చేశాడు. నేను అలా అనలేదు. తమ ఇంట్లో కూటం జరిపే ఆంటీ అడిగితే "ఇక ఆ పెళ్లి లేదు ఆంటీ" అన్నానంతే. మిగతాది వాళ్లు కలుపుకున్నారు, నేను దిద్దలేదు. ఆ జాలి వల్లే ఆదివారాలు ఎవరో ఒకరి కారులో నాకు చోటుండేది, వెళ్లేటప్పుడు చేతిలో బిర్యానీ డబ్బా ఉండేది.

రెండోసారి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. ఆవిడ ఫోను చేస్తుంది, అవతల మోగుతూనే ఉంటుంది. ఆ అవతలి గది నాకు బాగా తెలుసు. ఫోను తెరమీద అతని పేరు వెలిగి ఆరేదాకా గోడకానుకుని నిలబడ్డది నేను. పెళ్లికి సెలవు దొరికిన వారం నుంచే ఎత్తడం మానేశాను. ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేని బతుకు నాకు నచ్చింది. ఆ మాట అతనితో అనే ధైర్యం లేకపోయింది.

ఆ ఆదివారం కూటం అయ్యాక, ఆంటీ వంటింట్లో కప్పులు కడుగుతున్నాం.

"వాడి పాపం వాడికే తగులుద్దిలే అమ్మా," అంది ఆంటీ.

"ఫోను ఎత్తనిది నేను ఆంటీ. అతను ఏడాది పాటు చేస్తూనే ఉన్నాడు."

ఆవిడ చేతిలో కప్పు సింకులో పెట్టేసింది. "మరి రెండేళ్లనుంచీ నేను వాడిమీద ప్రార్థన చేస్తన్నానే! పేరెట్టి మరీ!"

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు.

"ఆ ఏడుపేదో ముందే ఏడవొచ్చుగా. ఇప్పుడా పిల్లోడు ఎట్టా ఉన్నాడు?"

"తెలీదాంటీ."

"అదీ తెలీదా?"

తరువాతి ఆదివారం ఏ కారూ రాలేదు. వానలో నడిచి వెళ్లి చివరి వరసలో కూర్చున్నాను. ఆంటీ గట్టిగా, పేరు పెట్టి, అతని క్షేమం కోసం ప్రార్థించింది. నా పేరు రాలేదు. అందరితోపాటు నేనూ ఆమెన్ అన్నాను.