టైర్లివ్వనన్న బావ

మా బావ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను బండి కింద పడుకుని గ్రీజు పెడుతున్నాను. క్లీనరు వంగి, "అన్నా, మీ బావ పోయినాడంట" అన్నాడు. నిజం చెబుతున్నాను, ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఇందులోనూ నాకంటే ముందే పోయాడే అనుకున్నాను. ఆ తర్వాత బండి కిందే పడుకుని చాలాసేపు ఏడ్చాను.

ఆయన మా అక్క మొగుడు. మార్కాపురం బడికి చుట్టుపక్కల పిల్లల్ని తెచ్చే మోటారు బస్సులు మావి రెండే. తర్లుపాడు దారిలో ఆయనది, కొనకనమిట్ల దారిలో నాది. ఇద్దరం పొలం అమ్మి ఒకే రకం బండ్లు కొన్నాం. అయినా జనం ఆయన బండిని 'బడి బస్సు' అనేవారు, నా బండిని 'ఆయన బామ్మర్ది బండి' అనేవారు. కడుపు మండదా మరి?

పొద్దున పిల్లల్ని ఎక్కించుకోకముందే ఆయన ఖాళీ బండిని ఊరి బయట వాలు మీదికి తోలి, గట్టిగా బ్రేకు తొక్కి చూసుకునేవాడు. తర్వాత దిగి, సంతలో ఎద్దును చూసినట్టు చక్రాలన్నీ తడిమి చూసేవాడు. "ఎక్కేటప్పుడు నవ్వినోడు దిగేటప్పుడు గూడా నవ్వాల. అంతే రా మన పని" అనేవాడు. పిల్లలు ఆయనకు జేబుల్లో రేగుపళ్ళు తెచ్చి ఇచ్చేవారు. నాకు ఒక్కనాడూ ఎవరూ తేలేదు. నా ముఖం మాడిపోవడం చూసి, "ఏందిరా బామ్మర్దీ, కడుపులో మంటా? లోపలికి పో, మీ అక్క మజ్జిగిస్తది" అని నవ్వేవాడు. ఆ నవ్వంటే నాకు ఒళ్ళు మండేది.

యుద్ధం రోజుల్లో టైర్లు దొరికేవి కావు. కర్నూలు నుంచి బ్రేకు ఇన్స్పెక్టరు తనిఖీకి వస్తున్నాడంటే చాలు, బస్సులవాళ్ళం ఒకరి టైర్లు ఒకరం అడిగి తెచ్చుకుని బిగించుకునేవాళ్ళం. ఆయన సంతకం పెట్టి వెళ్ళగానే ఊడదీసి ఎవరివి వాళ్ళకు ఇచ్చేసేవాళ్ళం. పెళ్ళికి పక్కింటి నగ పెట్టుకుని వెళ్ళినట్టే, ఎవరూ తప్పనుకునేవారు కాదు. ఆ ఏడు బడి పిల్లల్ని తెచ్చే బండ్లను గట్టిగా చూస్తారని తెలిసింది. నా బండి తనిఖీకి ముందురోజే బావ బండి పాసయింది. నా ముందు టైర్లు రెండూ అరిగి నూలు బయటపడి ఉన్నాయి. బడి ట్రిప్పు పోతే నా బండి షెడ్డులో పడుకోవాల్సిందే. పౌరుషం చంపుకుని ఆయన ఇంటికి వెళ్ళాను.

"బావా, రేపొక్క పూటకు నీ ముందు టైర్లియ్యి. సాయంత్రానికి తెచ్చిస్తా."

"ఇయ్యను."

"ఎందుకియ్యవు?"

"సాయంత్రం ఊడదీసినాక పిల్లల్ని దేని మీద తోలుకొస్తావు?"

"ఇయ్యరాదా, తమ్ముడు గదా!" అని అక్క వంటింట్లోంచి అరిచింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఊరు ఊరంతా నీ బండే ఎక్కాల, నేను మట్టి కొట్టుకపోవాల, అంతేగదా!" అని గుమ్మం దిగి వచ్చేశాను.

మర్నాడు ఇన్స్పెక్టరు నా టైరును బూటుతో తట్టి చూసి, టైర్లు మార్చేదాకా పిల్లల్ని ఎక్కించకూడదని రాసిచ్చి వెళ్ళాడు. బజారంతా చూస్తుండగా ఖాళీ బండి ఇంటికి తోలుకొచ్చాను. బావను తిట్టని తిట్టు లేదు.

ఆ తెల్లారే బావ ఎద్దుల బండి మీద నా వాకిట్లోకి వచ్చాడు. బండిలో ఆయన బస్సు ముందు టైర్లు రెండూ ఉన్నాయి.

"జాకీ తీయి" అన్నాడు.

"మరి నీ బస్సో?"

"దిమ్మెల మీద నిలబెట్టినా. మా తర్లుపాడు పిల్లలకు రైలుంది, టేషన్లో దిగి నడిచిపోతారు. మీ కొనకనమిట్లోళ్ళకు ఏముంది?"

"మొన్న అడిగితే ఇయ్యనంటివి గదా!"

"మొన్న నువ్వడిగింది సాయంత్రానికి ఊడదీసేదానికి. వీటిని ఊడదీయాకు. కొత్తయి దొరికినాక చూద్దాంలే" అని తనే కింద కూర్చుని బిగించాడు.

ఇన్స్పెక్టరు మళ్ళీ వచ్చి చూశాడు, నా బండి పాసయింది. బావ బండి దిమ్మెల మీదే ఉంది. ఇక బడి బస్సంటే నాదే అనుకున్నాను. ఎక్కడ! వారం తిరక్కుండానే నన్ను చూసి పిల్లలు "పెద్దమామ టైర్ల బండొచ్చింది" అని కేకలు మొదలుపెట్టారు.

"రోజూ తోలేది నేను గదరా!" అన్నాను.

"టైర్లు పెద్దమామయి గదా, చిన్నమామా" అంది ఒక పిల్ల. ఆ మాట విని బావ దగ్గొచ్చేదాకా నవ్వాడు.

ఇవ్వకపోతే ఒక మంట, ఇస్తే ఇంకో మంట. ఆ మనిషితో ఎట్లా వేగానో నాకే తెలియదు. యుద్ధం అయిపోయి కొత్త టైర్లు దొరికి, ఆయనవి ఆయనకు తిరిగిచ్చేదాకా నేను తెచ్చిన పిల్లల్లో ఒక్కరికి కూడా చిన్న దెబ్బ తగల్లేదు. అది ఆయన చలవే. ఈ మాట పళ్ళు కొరుక్కుంటూ రాస్తున్నాను, అయినా రాస్తున్నాను.

ఆయన్ను సాగనంపిన రోజు బడికి సెలవిచ్చారు. కొనకనమిట్ల పిల్లలు పట్టుబట్టడంతో నా బండిలోనే తీసుకొచ్చాను. అంతా అయ్యాక, చీకటి పడకముందే వాళ్ళను ఇళ్ళకు చేర్చాలని హారన్ కొట్టాను. ఒక్కరూ రాలేదు. వెతుక్కుంటూ వెళితే, అందరూ వాకిట్లో నిలిపి ఉన్న ఆయన బస్సెక్కి కూర్చున్నారు. తర్లుపాడు పిల్లలు, నా పిల్లలు ఒకరి ఒళ్ళో ఒకరు ఇరుక్కుని ఉన్నారు. డ్రైవరు సీటు దగ్గరికి మాత్రం ఎవరూ పోలేదు.

"దిగండ్రా, పొద్దు పోతాంది" అన్నాను.

"ఇంకొంచేపు, చిన్నమామా."

నా కడుపు భగ్గుమంది. పోయాక కూడా నా పిల్లల్ని తన బండెక్కించుకున్నాడు! గట్టిగా కేకేద్దామని నోరు తెరిచాను. చివర కూర్చున్న పిల్ల ఏమనుకుందో, పక్కకు జరిగి నాకింత చోటిచ్చింది. ఎక్కి కూర్చున్నాను. ఆ బండి కదలదని అందరికీ తెలుసు. ఎవరూ దిగలేదు. నేనూ దిగలేదు.