కట్టించిన దొర, కట్టినవాళ్ళు

హవాయిలో మేముండే దీవిలో పాత మిషన్ చర్చి ఒకటుంది. గోడలన్నీ పగడపు రాళ్ళే. చాండ్లర్ నుంచి ఇక్కడికి మారిన కొత్తలో, తెలుగు ఆరాధన లేదని ముఖం ముడుచుకుంటూనే వెళ్ళాను. అలవాటుగా గుమ్మం దగ్గర చెప్పులు విడిచాను. తీరా చూస్తే లోపల అందరూ చెప్పులతోనే ఉన్నారు. మా ఆయన నేనెవరో తెలియనట్టు ముందుకు నడిచాడు. ఒక పెద్దావిడ మాత్రం నవ్వి, తనూ చెప్పులు విడిచి నా పక్కన కూర్చుంది. అందరూ ఆమెను ఆంటీ అంటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక్కడా పెద్దవాళ్ళంతా ఆంటీలూ అంకుల్సేనట!

ఆంటీవాళ్ళు తరతరాలుగా ఈ దీవివాళ్ళే. వచ్చినవాళ్ళకు చర్చి చూపించడం ఆమె పని. గుమ్మం పక్కన ఇంగ్లీషు బోర్డు మీద మాత్రం చర్చిని మిషనరీ కట్టాడని ఉంది.

“మా ముత్తాతలు ఊపిరి బిగపట్టి సముద్రంలో మునిగి ఈ రాళ్ళు తీశారు. వాళ్ళ ఊసే లేదు చూడు,” అనేది ఆంటీ. పాత బోర్డు ముట్టుకోకూడదని కమిటీవాళ్ళు ఎప్పుడూ దాటేసేవారట. నాకు ఒళ్ళు మండిపోయింది.

సెలవులకు మనవాళ్ళు తెగ వస్తున్నారని, తెలుగులోనూ ఒక బోర్డు పెడదామంది కమిటీ. ఆ పని నా నెత్తిన పడింది. ‘కట్టాడు’ అని రాయబోయి ఆగాను. మా ఊరి చర్చిని దొరగారు కట్టించారనే అంటాం. ఆయన తాపీ పట్టాడని ఎవరూ అనరు. అందుకని, “కట్టించింది మిషనరీ. సముద్రంలో మునిగి రాళ్ళు తీసి, కట్టింది ఈ దీవివాళ్ళు,” అని రాశాను.

“ట్రాన్స్‌లేట్ చేయమంటే హిస్టరీ రాశావేంటి? కమిటీవాళ్ళు ఊరుకుంటారా?” అన్నాడు మా ఆయన.

“వాళ్ళకు ఇంగ్లీషులో అర్థం చెప్పి వినిపించాను. తెలుగులో ఇలాగే చెప్పాలన్నాను. అబద్ధమా?”

కమిటీవాళ్ళు తలూపారు. బోర్డు పెట్టిన రోజు దాని అర్థం చెబితే, ఆంటీ నా చెయ్యి చాలాసేపు వదల్లేదు. ఆవిడంటే నాకు అంత ఇష్టమని నాకూ అప్పుడే తెలిసింది.

మొన్న శాన్ రామన్ నుంచి ఒక తెలుగు కుటుంబం వచ్చింది. ఆంటీ ఏమీ ఎరగనట్టు వాళ్ళ పాపను తెలుగు బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి, ఏముందో చెప్పమంది. నాన్న చదివి వినిపిస్తే, పాప ఇంగ్లీషులో చెప్పింది:

“ఈ దీవివాళ్ళే కట్టారట, ఆంటీ.”

“అవునా! మళ్ళీ చెప్పమ్మా,” అంది ఆంటీ.