చిన్నర్రలో మాట

భూమవ్వ కాపురం పెట్టిన గదిని అర్ర అనడం ఆ ఇంటివాళ్ల పెద్దమనసు. నిజానికది వడ్లు దాచుకునే చోటు. సుల్తానాబాద్‌కు అవతల, కాలువ నీళ్ల కోసం ఎదురుచూసే ఒక పల్లెలో అత్త లస్మవ్వది గూనపెంకుల ఇల్లు. ముందు సాయబాను అనే వసారా, లోపల పెద్దర్ర, దాన్ని ఆనుకుని ఈ చిన్నర్ర. చిన్నర్రలో సగానికి పైగా గరిసె ఆక్రమించుకుని కూచుంది. వెదురు తడికతో గుండ్రంగా అల్లి, పేడా మట్టీ మెత్తి, ఏడాది తిండిగింజలు పోసుకునే గరిసె అది. మనిషికంటే ఎత్తు. ఆ ఇంట్లో దానికున్న మర్యాద అల్లుడికి కూడా లేదు.

మిగిలిన జాగాలో ఒక నులక మంచం పట్టింది. మంచం పట్టాక తలుపు పట్టలేదు. సగం తెరుచుకుని మంచం కోడుకు తగిలి ఆగిపోయేది. లోపలికి పోవాలంటే ముందు ఒక భుజాన్ని పంపి, ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత మిగతా మనిషి పోవాలి.

డెబ్బై మూడులో పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ తలుపు దగ్గర నిలబడిన భూమవ్వతో మొగుడు పర్శరాములు, "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అంటరు. ఇల్లయితె చూసినవు గద" అన్నాడు. ఆమెకు కోపం రావాలి, రాలేదు. ఎందుకంటే ఆ మాట వినేదాకా తన మొగుడికి నోట్లో నాలుక ఉందని ఆమెకు తెలియదు.

పర్శరాములు మంచివాడే, కష్టజీవి. కాని పెద్దల ముందర పెళ్లాంతో మాట్లాడడం ఆ ఇంట్లో లేదు. ఆ మాటకొస్తే ఆ వాడకట్టులో చాలా ఇళ్లలో లేదు. దాహమైతే గోడ వైపు చూసి, "ఇంట్ల ఎవలన్న ఉన్నరా? జర నీళ్లియ్యుండ్రి" అనేవాడు. ఆకలైతే దూడకు చెప్పేవాడు. దూడ అన్నం వడ్డిస్తుందా పాపం? భూమవ్వే వడ్డించేది, తల వంచుకుని. పగలంతా ఇదే తంతు.

ఆ మనిషే చిన్నర్రలో కాలు పెట్టాడంటే మాటల పుట్ట. మిల్లు దగ్గర ఎవరితో ఎవరు తగువు పడ్డారో, బస్సులో నిద్రపోయి కరీంనగర్ దాకా పోయిన ఆసామి కండక్టర్ని ఎట్లా తిట్టాడో, వాళ్ల గొంతులతోనే చెప్పేవాడు. భూమవ్వ నవ్వు బయటికి పోకుండా బొంత కొస నోట్లో కుక్కుకునేది. అంతటితో ఆగేవాడు కాడు. ఈసారి ఏ మడిలో ఏ వడ్లు పోద్దామని ఆమెను అడిగేవాడు. పుట్టింట్లో గాని అత్తింట్లో గాని అట్లా అడిగిన మనిషి ఆమెకు అంతకుముందు లేడు. ఆ అడగడంతోనే ఆమెకు మొగుడి మీద ప్రేమ పుట్టింది, దాంతోపాటు ఆ గది మీద కూడా.

ఇక చూడాలి ఆమె పంతం. మంచం కోళ్ల కింద రాళ్లు పెట్టి ఎత్తు లేపింది. ఆ కిందికి సందుగ పోయింది, ఉల్లిగడ్డల గంప పోయింది, విత్తనాల కుండలు పోయాయి. గరిసె మీద చెక్కలు పరిచి బొంతలు పెట్టింది. వాసాల నుంచి వెదురు గడ వేలాడదీస్తే బట్టలకు దండెమైంది. మూరెడు మందం మట్టిగోడను ఉలితో తనే తొలిచి, ఎర్రమన్ను అలికి, అద్దానికీ దువ్వెనకూ దీపానికీ గూడు చేసుకుంది. పైన ఒక పెంకు తీయించి అద్దం పెంకు వేయిస్తే పొద్దున పూట ఎండ నేరుగా మంచం మీదికి దిగేది. మరుసటేడు పాప పుట్టింది. ఉయ్యాల ఎక్కడ కడతావని ఇరుగుపొరుగు నవ్వారు. మంచం మీద గాలి ఖాళీగానే ఉంది కదా అని దూలానికి కట్టింది.

తలుపు దగ్గర మాత్రం అత్తాకోడళ్లకు పేచీ వచ్చింది. బయటికి తెరుచుకునేట్టు పెట్టిస్తానంది భూమవ్వ. "దర్వాజ బయటికి తీస్తె లచ్చిమి బయటికి పోతది" అని లస్మవ్వ అడ్డం పడింది. నాలుగు రోజులు ముఖాలు ముడుచుకున్నాక వడ్రంగి ఆ తలుపునే నిలువునా కోసి రెండు రెక్కలు చేశాడు. లక్ష్మి లోపలే ఉండిపోయింది, మనుషులకు దారి దొరికింది.

లస్మవ్వ కూడా ఉత్త గయ్యాళి కాదు. గరిసెలోంచి వడ్లు తీయడానికి చాట పట్టుకుని వచ్చినప్పుడల్లా తలుపు బయట నిలబడి గట్టిగా దగ్గేది. లోపల మాటలు ఆగినా, ఇంకాస్త సేపు దగ్గి గాని వచ్చేది కాదు.

అట్లా నాలుగేళ్లు గడిచాయి. పాప నానమ్మ పక్కన పడుకోవడం మరిగింది. అప్పుడు పర్శరాములు తమ్ముడు హనుమంతుకు ధర్మపురి దిక్కు సంబంధం కుదిరింది. పిల్ల పేరు బాలలక్ష్మి. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు, భూమవ్వ కూడా ఆ సంబరంలో గారెలు వండింది. కాని ఆ ఇంటి ఆనవాయితీ ఆమెకు తెలుసు. కొత్త జంట వస్తే చిన్నర్ర వాళ్లది. పాత జంటలో ఆడమనిషి పెద్దర్రలో అత్త పక్కన, మగమనిషి సాయబానులో. కొత్త నీరు వచ్చి పాత నీటిని కొట్టుకుపోవడం అంటే ఇదే.

పర్శరాములును ఏంచేద్దామని అడిగితే, "అవ్వకు ఎట్ల చెప్పాలె? నాతోని కాదు" అన్నాడు. అంత మాటకారీ అంతటితో సరి.

పెళ్లికి ముందు ఒక మధ్యాహ్నం భూమవ్వ చిన్నర్ర ఖాళీ చెయ్యడం మొదలుపెట్టింది. సందుగ బయటికి లాగింది, బొంతలు దించింది. ఆఖరుకు దండెం కూడా విప్పి నేలకేసి కొట్టింది. ఆ చప్పుడుకు లస్మవ్వ వచ్చింది. ఆ రోజు దగ్గలేదు.

"ఏం పనే ఇది? కొత్తపిల్లకు ఉత్త గోడలిస్తవా?"

"నేను కట్టుకున్న దండెం నేను తీస్కపోత అత్తా."

"పెద్దర్రల దండెం లేదా?"

భూమవ్వ మంచం మీద కూలబడింది. నాలుగేళ్లలో అత్త ముందు ఎన్నడూ ఏడవని మనిషికి ఏడుపు తన్నుకొచ్చింది. "దండెం కోసం కాదత్తా. మీ కొడుకు నాతోని మాట్లాడేది గీడనే. గీ కడప దాటితె నేనెవలో తెల్వనట్టుంటడు. ఇగ గా మాటలు సుత ఉండయి. గదే నా బాధ."

కసురుకుంటుందని అనుకుంది. లస్మవ్వ కసరలేదు. వచ్చి కోడలి పక్కన కూచుంది. ఇద్దరికీ ఆ మంచం మీద జాగా సరిగ్గా సరిపోయింది.

"నేను సుత గీ అర్రల్నే ఉన్న" అంది మెల్లగా. "మీ మామ తమ్ముని పెండ్లయితె బయటికొచ్చిన. గంతె. గా దినం సంది మీ మామ నాకు చెప్పేదంత ఎడ్లకు చెప్పిండు. వానొస్తదని ఎడ్లకు చెప్పిండు. బిడ్డకు సంబంధం కుదిరిందని ఎడ్లకు చెప్పిండు. నేను కొట్టం పక్కన నిలవడి ఇనేదాన్ని. పానం పోయేటప్పుడు నా దిక్కు చూసిండు. ఏమో చెప్దామనుకున్నడు. సుట్టు పదిమంది ఉన్నరని చెప్పలే. ఏం చెప్దామనుకున్నడో నాకు ఇప్పటిదాక తెల్వదు."

భూమవ్వ ఏడుపు ఆగిపోయింది. అత్తకు కూడా ఒక వయసుండేదని, ఆమెకూ ఇదే అర్రలో మొగుడు కబుర్లు చెప్పి ఉంటాడని ఆమె ఏనాడూ అనుకోలేదు.

"అర్ర ఇడువక తప్పదు బిడ్డా" అంది లస్మవ్వ. "వచ్చే పిల్ల సుత నీ లెక్కనే కద. కని మాటలెందుకు ఇడుస్తవు?"

"మరేం జెయ్యాలె?"

"గోడనడిగినోనికి గోడనే ఇయ్యనీ."

కాసేపటికి ఇద్దరూ కలిసి దండెం మళ్లీ కట్టారు.

పెళ్లి బాగా జరిగింది. బాలలక్ష్మి సన్నటి పిల్ల, నెమ్మదస్తురాలు. చిన్నర్ర చూసి బెదిరిపోయిన ఆమెకు భూమవ్వే అన్నీ చూపించింది. ఏ రెక్క ముందు తీయాలో, రాత్రి లేస్తే తల దండేనికి తగలకుండా ఎటు వంగాలో, ఎండ ఏ నెలలో మంచం మీద ఎక్కడ పడుతుందో చెప్పింది. ఏదీ దాచుకోలేదు. "గింత జాగల గిన్ని ఎట్ల పట్టినయక్కా?" అని ఆ పిల్ల అడిగితే మాత్రం గర్వపడింది.

పెళ్లి హడావుడి సద్దుమణిగాక ఒకనాడు పర్శరాములు పొలం నుంచి వచ్చి సాయబానులో కూచున్నాడు. అన్ని రోజులుగా సాయబానులో పడుకుంటున్న మనిషి కొంచెం చిక్కాడు, మాట దాచుకుని దాచుకుని ముఖం ముడుచుకుపోయింది. భూమవ్వ గడప దగ్గర బియ్యంలో మట్టిపెడ్డలు ఏరుతోంది. లస్మవ్వ బాలలక్ష్మిని పక్కన కూచోబెట్టుకుని చాటతో పప్పు చెరుగుతోంది. హనుమంతు పలుపు పేనుతున్నాడు.

"ఇంట్ల ఎవలన్న ఉన్నరా? జర నీళ్లియ్యుండ్రి" అన్నాడు పర్శరాములు గోడతో.

భూమవ్వ బియ్యం ఏరుతూనే ఉంది. ఎవరూ లేవలేదు. బాలలక్ష్మి లేవబోతే లస్మవ్వ ఆమె కొంగు పట్టి కూచోబెట్టింది.

"నీళ్లు" అన్నాడు ఇంకొంచెం గట్టిగా. గోడ పలకలేదు. కట్టుగొయ్య దగ్గరున్న దూడ వైపు తిరిగి, "దూపైతంది" అన్నాడు. దూడ తోక ఊపింది. హనుమంతు పలుపులో తల దూర్చి నవ్వాపుకుంటున్నాడు.

"అన్నా, దూడకు చెంబెత్తస్తదా?"

పర్శరాములు తల్లి వైపు చూశాడు. తల్లి పప్పు చెరుగుతోంది. పెళ్లాం వైపు చూశాడు. అందరి ముందర, పట్టపగలు, ఆమె ముఖం వైపు అతను నేరుగా చూడడం అదే మొదలు. ఆమె కూడా తల ఎత్తి చూసింది. ఇప్పుడు అతను దాహంతోనే లేచి పోతే ఇక జన్మలో పగటిపూట తనతో మాట్లాడడని ఆమెకు తెలుసు. అతను లేవలేదు. చెమట తుడుచుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"భూమవ్వా" అన్నాడు. "జర నీళ్లియ్యవా?"

ఆమె లేచి చెంబు తెచ్చింది. "పెద్దమడికి నీళ్లెక్కినయా?" అని అడిగింది, అత్త వింటుండగా, మరిది వింటుండగా. "ఎక్కినయి" అన్నాడు అతను. ఒక్క గుక్క తాగి, పొద్దున గట్టు మీద ఏం జరిగిందో చెప్పడం మొదలుపెట్టాడు.

లస్మవ్వ చాట కింద పెట్టింది.

"ఆగురా" అంది కొడుకుతో. "ఇందాక దాన్ని ఏమని పిలిచినవు? నాకు ఇనరాలే. ఇంకోసారి పిలువు."

లస్మవ్వవి పాము చెవులని ఊరందరికీ తెలుసు. పర్శరాములు తల్లి కళ్లలోకి చూసి, చెంబు పక్కన పెట్టి, మళ్లీ పిలిచాడు.