టీవీ దొరకు పెత్రమాస బియ్యం

ఆ రోజుల్లో టీవీ ప్రకటనల్లోకి దొరలు ఎందుకు వచ్చేవాళ్ళో, అసలు వాళ్ళెవరో నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు. కోటు వేసుకున్న ఒక తెల్లాయన వరి మడి గట్టున నిలబడి నీళ్ళ మోటారు గొప్పదనం చెప్పేవాడు. ఒక తెల్లావిడ బట్టల సబ్బు పట్టుకుని మురిసిపోయేది. ఆవిడ జన్మలో ఒక్క దుప్పటి కూడా ఉతికి ఉండదని ఆ చేతులు చూస్తేనే తెలిసేది. అందరూ 'ప్రపంచ ప్రఖ్యాత'లే. ఏ ప్రపంచమో మరి, మా దిల్‌సుఖ్‌నగర్ అందులో లేదు. పేరేమో చీమ తలకాయంత అక్షరాల్లో వేసి, మనం కళ్ళు చికిలించేలోపు తీసేసేవాళ్ళు.

మొన్న మెట్రోలో ఎల్బీ నగర్ వెళ్తుంటే పక్క సీటు అమ్మాయి ఫోన్లో అలాంటి పాత ప్రకటనలే చూసి నవ్వుకుంటోంది. సిగ్గు విడిచి నేనూ మెడ సాచి చూశాను. మా పాలపొడి దొర అందులో లేడు. ఉంటే ఆ అమ్మాయి చేతిలోంచి ఫోను లాక్కునేదాన్నేమో. ఆయనకు నేనొక క్షమాపణ బాకీ ఉన్నాను.

మేం కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంట్లో పై వాటా కిరాయికి తీసుకున్నాం. కింద ఇంటివాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళది అల్మాస్‌గూడ, పొలాలు అక్కడ, కాపురం ఇక్కడ. ఇంటాయన తల్లిని మేమూ అవ్వ అనే పిలిచేవాళ్ళం. రంగుల టీవీ వాళ్ళ హాల్లో ఉండేది కాబట్టి సాయంత్రాలు నేనూ అక్కడే ఉండేదాన్ని. ఏడో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఆ ఒక్క అర్హతతో అవ్వ నన్ను దొరల వ్యవహారాలకు పెద్దదిక్కుగా నియమించుకుంది.

పాలపొడి దొర ఎర్ర బనీను వేసుకుని పరుగెత్తుకుంటూ వచ్చి, గ్లాసెడు పాలు గడగడా తాగి, "నా విజయ రహస్యం ఇదే!" అనేవాడు. ఏం విజయమో చెప్పడు. నోరు మూసుకున్నాక కూడా తెలుగు కాసేపు వినిపిస్తూనే ఉండేది.

"గీ దొర ఎవరే బిడ్డా? ఏం గెలిసిండు?" అంది అవ్వ.

తెలీదు అనొచ్చు. రెండే ముక్కలు. కానీ హాల్లో అవ్వ, అవ్వ కోడలు, పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళు నా మొహం వైపే చూస్తున్నారు. "పరుగు పందెంలో ప్రపంచంలోనే ఫస్టు" అన్నాను. పేరడిగితే మా పైన తిరిగే ఫ్యాను కంపెనీ పేరు చెప్పాను.

అబద్ధానికి ఆకలెక్కువ. రోజూ ఏదో ఒకటి వడ్డించాల్సి వచ్చేది. ఆయన పుట్టగానే తల్లి పోయిందన్నాను. మేనత్త అన్నం పెట్టకుండా పొలానికి తరిమేదన్నాను. ఆ పొలం గట్ల మీద పరుగెత్తీ పరుగెత్తీ అంతటివాడయ్యాడన్నాను. పందేల ధ్యాసలో పెళ్ళి కూడా చేసుకోలేదన్నాను. అవ్వ కొంగుతో కళ్ళొత్తుకునేది. "తల్లి లేని పిలగాడు, పాలు ఎట్ల తాగుతుండో సూడు, పాపం" అనేది. నాకు భలే గర్వంగా ఉండేది.

కొన్నాళ్ళకు ఆ ప్రకటన ఆగిపోయింది. "దొర కనిపిస్తలేడేంది?" అని మొదటి రోజు అడిగింది. రెండో రోజు అడిగింది. వారమంతా అడిగింది. పరీక్షలు నెత్తి మీద ఉన్నాయి, నాకు విసుగొచ్చి, "చనిపోయాడవ్వా. పేపర్లో వేశారు" అనేసి మెట్లెక్కి వచ్చేశాను.

ఆ రాత్రి అవ్వ అన్నం తినలేదని కోడలు మా అమ్మతో చెప్పింది. అక్కడితో ఆగినా బాగుండేది. కొన్ని నెలలు గడిచి పెత్రమాస వచ్చింది. ఇంట్లో పోయినవాళ్ళ పేరు మీద పంతులుకు బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చే అమావాస్య అది. అవ్వ మామకు, అత్తకు, పెనిమిటికి విస్తళ్ళు పెట్టింది. చివర నాలుగోది పెట్టింది.

"ఇది ఎవరికమ్మా?" అన్నాడు పంతులు.

"తల్లి లేనోడు, పెండ్లాం పిల్లలు లేనోడు. ఆయనకు ఎవరిస్తరు? గా పేరు చెప్పు బిడ్డా."

చెప్పాను. గోత్రం తెలియనివాళ్ళకు కాశ్యప గోత్రమే కదా అని పంతులు కానిచ్చేశాడు. కాశ్యప గోత్రోద్భవుడైన మా ఫ్యాను కంపెనీకి ఆ ఏడు శాస్త్రోక్తంగా నీళ్ళు వదిలారు. నవ్వాపుకోలేక నాకు కడుపు నొప్పి పుట్టింది.

ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. బతుకమ్మ రోజులు. ఆడవాళ్ళందరూ హాల్లో కూర్చుని తంగేడు పూలు కత్తిరిస్తుంటే టీవీలోంచి, "నా విజయ రహస్యం ఇదే!" అని వినిపించింది. దొర! కొత్త బనీను, కొత్త గ్లాసు. అవ్వ చేతిలో పూలు కింద పడిపోయాయి.

"చనిపోకముందు తీసి పెట్టి ఉంటారవ్వా" అన్నాను గబగబా.

"ఎట్లనే? అప్పుడు నెత్తి నల్లగుండె. ఇప్పుడు తెల్లగైంది. సచ్చినోనికి ఎంటికలు పండుతయా?"

పేపర్లో తప్పు పడిందేమో అని గొణిగాను. అవ్వ పేపరువాళ్ళను ఏడు తరాలకు సరిపడా తిట్టింది కానీ నన్ను ఒక్క మాటా అనలేదు. తర్వాత ఆమె మొహం పాలిపోయింది. "బతికున్నోని పేరు మీద బియ్యమిస్తిని గదనే! ఆయనకేమన్న అయితే గా పాపం నాదే."

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని గుడికి బయల్దేరింది, దొర ఆయుష్షు కోసం అర్చన చేయించడానికి. పండుగ రోజులు, మా వెనక చాంతాడంత లైను. అదే పంతులు పళ్ళెం అందుకుని పేరు అడిగాడు.

"నువ్వు చెప్పు బిడ్డా. సక్కగ చెప్పు. పేరు తప్పయితే ఆయుష్షు ఇంకెవనికో పోతది" అంది అవ్వ. కొంగు ముడి విప్పి అర్చన డబ్బులు నా చేతిలో పెట్టింది.

ఫ్యాను కంపెనీ పేరు నాలిక చివరిదాకా వచ్చింది. ఆ డబ్బులు చేతిలో లేకపోతే చెప్పేసేదాన్నే. "నాకు తెలీదు" అన్నాను.

"పేరు తెల్వదా?"

"మనిషే తెలీదవ్వా. అంతా నేనే కల్పించాను."

"మరి తల్లి సచ్చిపోయిందంటివి?"

"నేనే చంపాను."

వెనక లైన్లో ఎవరో ఫక్కున నవ్వారు. పంతులు మంత్రం మర్చిపోయి నన్నే చూస్తున్నాడు. అవ్వ పంతులు వైపు తిరిగి, "టీవీల పాలు తాగే దొర అని చెప్పు. దేవునికి ఎరుకైతది. ఇగ గీ పోరి పేరు మీద గూడ ఒకటి జెయ్యి, దీనికే ఎక్కువ అవసరమున్నది" అంది.

దారంతా నా చెయ్యి వదల్లేదు. తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేదాన్ని.

సాయంత్రం నేను ఎప్పటిలాగే వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. తెర మీద నీళ్ళ మోటారు ఆయన స్థానంలో ఎవరో కొత్త దొర దిగాడు. నేను సిద్ధంగా ఉన్నాను, తెలీదు అని చెప్పడానికి. అవ్వ నన్ను దాటి వంటింటి వైపు చూసి, "గీయన ఎవరే?" అని కోడల్ని అడిగింది.

"ఏమో అత్తా, నాకేం తెల్సు" అంది కోడలు, పిండి చేతులతోనే బయటికొచ్చి.

అవ్వ సరే అన్నట్టు తలూపింది.

ఆ ఇంట్లో ఇంకో నాలుగేళ్ళున్నాం. అవ్వ నాకు జడ వేసింది, సద్దుల బతుకమ్మ నాడు పెరుగన్నం ముద్దలు కలిపి పెట్టింది, జ్వరం వస్తే రాత్రంతా మా పై వాటాలోనే కూర్చుంది. దొరల గురించి మాత్రం నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.