మిగిలిన సున్నం

ఈ వారమంతా ముసురే. బట్టలు ఆరడం లేదని మనవరాలు సణుగుతోంది. నేను మాత్రం కొవ్వూరులో మా వరండాలో కుర్చీ వేసుకుని, ఇంకాస్త గట్టిగా కురవమని వానని అడుగుతున్నాను. ఎందుకో చెబుతాను.

మా తమ్ముడికి కరాటే పిచ్చి. మా వైపే పుట్టి సినిమాల్లో కరాటే హీరోగా వెలిగిన ఆయన ఒకరుండేవారు. ఆయన సినిమా వస్తే మావాడు గోదావరి దాటి రాజమండ్రిలో మొదటి ఆట చూడాల్సిందే. చిన్నప్పుడు చెరకు గానుగలో పడి వాడి ఎడమచేతి చిటికెనవేలు పోయింది. అయినా ఆ చేత్తోనే పెంకులు పగలగొట్టేవాడు. అవి మా వంటింటి పెంకులని వానాకాలం వచ్చాక గానీ నాకు తెలియలేదు. ఆ ఏడాది గొడుగు కింద గంజి వార్చాను. పెద్దయ్యాక తాగుడు పట్టుకుంది. ఓ ఏడు ఉన్నట్టుండి మానేశాడు. నా తిట్లకి భయపడే మానాడని చర్చిలో అందరికీ చెప్పుకున్నాను. వాడు నవ్వి ఊరుకునేవాడు.

ఆ హీరోగారు పోయాక, కోరుకొండ దారిలో ఆయన జీడితోటలోనే సమాధి కట్టారు. తమ్ముడు ఏటా వెళ్లేవాడు. వచ్చాక నాతో ఒకటే పోరు.

"అక్కా, ఒక్కసారి రావే. అక్కడ నీకొకటి చూపించాలి."

"ఏంట్రా అది?"

"చెబితే నువ్వు రావుగా!"

"సమాధి చూడ్డానికి బస్సు టిక్కెట్టు దేనికిరా? మన చర్చి వెనకాల బోలెడున్నాయి" అనేదాన్ని. కిందటి వేసవిలో వాడూ ఆ చర్చి వెనక్కే వెళ్లిపోయాడు, చూపించాలన్నదేమిటో చెప్పకుండానే.

సమాధుల పండగకి ఎవరివాళ్ల సమాధులు వాళ్లు కడిగి సున్నం వేసుకోవడం మాలో అలవాటు. తమ్ముడి సమాధికి వేశాక బకెట్లో సగం సున్నం మిగిలింది. కలిపిన సున్నం పారబోయడం నా వల్ల కాదు. వాడు చూపించాలన్నదేదో చూసినట్టూ ఉంటుంది, వాడి హీరోకి ఓ పూత వేసినట్టూ ఉంటుందని, మనవరాలి స్కూటీ మీద బకెట్టుతో సహా వంతెన దాటాను.

తోటలో ఎవరూ లేరు. సమాధి చుట్టూ నడుమెత్తు గోడ. దాన్నిండా పాకుడు, ఎర్ర పెయింటుతో చేతి అచ్చులు.

"అడిగి వేద్దాం అమ్మమ్మా" అంది పిల్ల.

"సమాధికి సున్నం వేస్తానంటే కాదనేవాళ్లెవరే?" అని కొంగు దోపాను.

ఆ అచ్చుల్లో ఒకదానికి నాలుగే వేళ్లు పడ్డాయి. ఎవడో సరిగా ఆనించలేదనుకుని, రెండు పూతలు వేశాను. ఆ తర్వాత తమ్ముడు చూపించాలన్నదాని కోసం చుట్టూ వెతికాను. ఒక ఫోటో, ఒక దీపం, అంతే. ఈలోగా పూత ఆరిపోయింది.

టీకి వెళ్లిన కాపలా మనిషి అప్పుడొచ్చాడు. "అయ్యో, ఎంత పని చేశారండి అమ్మగారూ! ఆయన మీద ఒట్టేసి తాగుడు మానేసినోళ్ల చేతులండి అయ్యి. ఏడాది నిలబడితేనే చెయ్యి వెయ్యనిస్తామండి."

కుంచె బకెట్లో పడేశాను. కొంగు తడిపి గోడ తుడవబోయాను.

"వద్దండి, పాత పెయింటు. రుద్దితే అదీ ఊడొచ్చేత్తది. సున్నమే కదండి, వానలకి అదే పోద్ది" అన్నాడు.

అందుకే ఈ వానని అడుగుతున్నాను. ఎన్ని వానలు పట్టినా సున్నం పోతుంది. దాని వెనకున్న ఆ నాలుగు వేళ్లూ బయటపడేదాకా ఆగాల్సింది నేనే.