రాజుని ఏరు దాటించిన రోజు

మస్కట్ వాళ్ళు మా కుక్క రాజుకి పర్మిట్ ఇవ్వలేదని మా పిల్లలు ఇప్పటికీ తిట్టుకుంటారు. వాళ్ళకి ఆ మాట చెప్పింది నేనే.

కుటుంబంతో మస్కట్ వెళ్ళే ముందు, రాజుని నరసాపురం రేవులో గోదారి దాటించే పంటు ఎక్కించాను. ఏరు దాటించి వదిలేస్తే కుక్క మళ్ళీ ఇల్లు పట్టుకోలేదని మా వైపు అలా చేస్తారు. కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చిన ఒకావిడ పక్కన కూర్చుని, కుక్కని ఎక్కడికని అడిగింది. మాతో మస్కట్ వస్తుందన్నాను.

"మంచి పనండి. మా మేడమ్ కూడా కుక్కని తెప్పించుకున్నారండి. సూదిమందుల కాగితాలు, పర్మిట్టు, బోను, అబ్బో! నా టికెట్టు కన్నా దానిదే ఎక్కువండి బాబూ. మీకన్నీ అయిపోయాయాండి?"

"అయిపోయాయండి."

ఆవిడ నా చేతి వైపు చూసింది. "మరి మెడలో బెల్టు తీసేశారేంటండి?"

నేను బెల్టుని జేబులో కుక్కుకున్నాను.

అవతలి గట్టున రాజుని దింపి అదే పంటులో వెనక్కి బయలుదేరాను. అది నా వెనకే నీళ్ళలోకి దూకబోయింది. అక్కడే దిగిన ఆవిడ తన చీరకొంగు దాని మెడకి చుట్టి ఆపింది. నన్ను తిట్టలేదు. వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపింది.

ఖర్చు ఎంతవుతుందో కనుక్కున్నాను గానీ, పర్మిట్ మాత్రం నేను ఎవరినీ అడగలేదు.