ఇంటి దిక్కు చిలుకలు

ఆగయ్య పోయిన పదకొండో రోజున ఫోటోకు దండ వేసి, అంతా ఆయన యుద్ధం గురించే మాట్లాడారు. డెబ్బై ఒకటిలో తాత శత్రువులను తరిమి తరిమి కొట్టాడని మనవడు భూషణ్ చెబుతుంటే, పోచమ్మ గోడకు ఆనుకుని విన్నది. మిలిటరీలో ఆమె మొగుడు చేసింది లారీలకు నంబర్లు రాయడం. తుపాకీ పేల్చిన పాపాన పోలేదు. అంకెలు మాత్రం అచ్చుగుద్దినట్టు రాసేవాడట. "నేను రాసిన లారీ ఒక్కటి గూడ తప్పిపోలే" అనేవాడు.

కొలువు దిగి ముంబై పక్కన భివండీలో, బట్ట నేసే సాంచాల కార్ఖానాలకు బోర్డులు రాశాడు. కాపురానికి వచ్చిన కొత్తలో పోచమ్మ ధామన్కర్ నాకా చౌరస్తాకు కూరగాయలకని పోయి, శాంతి నగర్ సందుల్లో తప్పిపోయింది. ఏ సందు చూసినా ఒకటే తీరు, ఒకటే సాంచాల మోత. చదువా, రాదు. మూడు గంటలు తిరిగి, ఏడ్చుకుంటూ ఇల్లు చేరింది. మర్నాడు ఆగయ్య నాకా నుంచి ఇంటిదాకా ప్రతి మలుపులోనూ గోడ మీద ఒక చిలుకను గీశాడు. ముక్కు ఎటుంటే ఇల్లు అటు. అన్నీ మిలిటరీ లారీ రంగే.

"గిదేం చిలుకయ్యా, బురదల పడ్డట్టు?"

"రంగుతోని నీకేం పని? ముక్కు జూడు."

నెల తిరిగేసరికి ఆమెకు దారి తెలిసిపోయింది. ఆ సంగతి చెబితేనా! ఏటా దసరాకు ముందు ఆయన చిలుకలకు కొత్త రంగు వేస్తుంటే, డబ్బా పట్టుకుని వెంట నడవడం ఆమెకు ఇష్టం. నలభై ఏళ్లు నడిచింది.

ఎనభై దాటాక ఆయనకు మతిమరుపు ముదిరింది. రంగులు మానేశాడు, బయటికి పోతే ఇల్లు మరిచేవాడు. ఒకసారి ఊరి బయట పూర్ణలో, లారీలు ఆగే గోదాముల దగ్గర దొరికాడు, లారీల మీద నంబర్లు వంకరగా ఉన్నాయని డ్రైవర్లను తిడుతూ. తలుపుకు తాళం వెయ్యమంది కూతురు స్వర్ణ.

"మిలిటరోన్ని కట్టేస్తమా బిడ్డా?" అంది పోచమ్మ. అన్నదే గానీ, ఈసారి పోతే దొరకడేమోనని ఆమె ప్రాణం గిలగిల్లాడింది.

పాత చిలుకలు సున్నాల కింద ఎప్పుడో పోయాయి. జన్మలో బ్రష్షు ముట్టని పోచమ్మ, ఆయన మధ్యాహ్నం కునుకు తీసేవేళ డబ్బా పట్టుకుని బయల్దేరింది. మోకాళ్ల నొప్పులతో నాలుగు రోజులు పట్టింది. పదకొండు గీసింది. వంకాయలకు ముక్కులు మొలిచినట్టున్నాయి.

ఐదో రోజు ఆయన మాయమయ్యాడు. పోచమ్మ గడపలో కూర్చుంది. పొయ్యి మీద అన్నం మాడుతున్నా లేవలేదు. ఎండ తగ్గుతుండగా మలుపు తిరిగి వచ్చాడు, మండిపడుతూ.

"ఏ గాడిది గీసిండే గా చిలుకలు? ఒక్కదానికన్న రెక్క లేదు!"

"ఎవరో ఏమో. కాళ్లు కడుక్కో."

"ముక్కులు మాత్రం సక్కగనే వెట్టిండు" అని మాడిన అన్నమే తిన్నాడు. ఆమె వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని సంతోషంతో ఏడ్చింది.

రెండేళ్లు అలా తిట్టుకుంటూనే ఇల్లు చేరాడు. పోవడం కూడా తన మంచం మీదే పోయాడు.

ఫోటో ముందు భూషణ్ యుద్ధం ఇంకా అయిపోలేదు. పోచమ్మ స్వర్ణ వైపు ఒరిగి, మెల్లగా అంది.

"అటెన్క మీ నాయిన ఒక్కపారి గూడ తప్పిపోలే బిడ్డా."